అడవిపందికి ఏ తూటా? ఎవరి చేతిలో?

చోళ్ల వెన్ను గట్టిపడే రోజుల్లో మన మన్యంలో ఇంటికొకరు మంచె మీదే తెల్లవారుస్తారు. డబ్బా కొడతాం, మంట వేస్తాం, గొంతు బొంగురుపోయేదాకా అరుస్తాం. రెండో జామున కునుకు పడుతుంది. ఆ కాస్తలో పందుల గుంపు దిగి పోతుంది. తిన్నది తక్కువే, తొక్కి పెళ్ళగించిందే ఎక్కువ. మొక్కజొన్నయితే కర్రలు వరసగా పడుంటాయి. చిలగడదుంప మడి అయితే దున్నినట్టే ఉంటుంది, కాకపోతే ఆ దున్నకం మనది కాదు.

ఈ బాధ పాతదే. ఇప్పుడు రాయడానికి కారణం వేరు. ఈ మధ్య అరకులోయ, డుంబ్రిగుడ, హుకుంపేట వైపు జరిగిన మన సమావేశాల్లో కుర్రవాళ్ళు సెల్‌ఫోన్లు తీసి వీడియోలు చూపిస్తున్నారు. ఏదో పరాయి దేశంలో ఒకాయన ఈ కొండ మీద పడుకుని, దుర్భిణి బిగించిన రైఫిల్‌తో ఆ కొండ మీది జంతువును ఒక్క తూటాతో పడగొడతాడు. "ఇలాంటిది ప్రభుత్వం ఊరికొకటి ఇస్తే పందుల పీడ వదిలిపోదా?" అని అడుగుతున్నారు. కొందరు పెద్దలు కూడా తలాడిస్తున్నారు. ప్రశ్న అడిగినవాళ్ళను కసిరి కూర్చోబెట్టడం సంఘం పద్ధతి కాదు. అందుకే తూటా దగ్గర నుంచే మొదలుపెడదాం.

తుపాకి గురి అంటే కంటి చూపు ఒక్కటే కాదు. ఒకే చోట బిగించి పది తూటాలు కాల్చినా పదీ ఒకే రంధ్రంలో పడవు, చుట్టూ చెదురుతాయి. 100 మీటర్ల దూరంలో ఆ చెదురు 10 సెంటీమీటర్ల వలయంలో ఉందనుకుందాం. 300 మీటర్లకు వెళ్ళేసరికి అది 30 సెంటీమీటర్లు అవుతుంది. అడవిపందిలో తగలవలసిన చోటు, అంటే గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు, అన్నం తినే పళ్ళెమంత కూడా ఉండదు. అది కూడా మనం అనుకునేదానికన్నా కిందకి, ముందుకి ఉంటుంది. ముందుకాలి వెనక, పొట్ట గీత నుంచి మూడో వంతు ఎత్తులో. అంటే మనిషి చెయ్యి వణక్కపోయినా, గాలి కదలకపోయినా, రైఫిల్ స్వభావం వల్లనే 300 మీటర్ల దగ్గర చాలా తూటాలు పక్కకు పోతాయి.

ఇక తూటా నేరుగా పోదు. రైఫిల్ తూటా సగటున సెకనుకు 600 మీటర్ల వేగంతో పోయిందనుకుంటే 300 మీటర్లు దాటడానికి అర సెకను పడుతుంది. ఆ అర సెకనులో భూమి దాన్ని 1.2 మీటర్లు కిందకు లాగేస్తుంది. అంటే పంది ఎత్తుకన్నా ఎక్కువ. దూరం కచ్చితంగా తెలిసి, ఆ మేరకు గురి పైకి సవరించినవాడికే తగులుతుంది. మన కొండవాలులో దూరం అంచనా వేయడం ఇంకా కష్టం. పై నుంచి కిందకు కాల్చినా, కింద నుంచి పైకి కాల్చినా, తూటా వాలు మీద కనిపించే దూరానికి కాక అడ్డంగా కొలిచిన దూరానికి తగ్గట్టు పడిపోతుంది. 45 డిగ్రీల వాలులో కంటికి 300 మీటర్లున్నది లెక్కకు 212 మీటర్లే. ఆ సంగతి తెలియనివాడి తూటా పంది వీపు మీదుగా వెళ్ళిపోతుంది.

ఇవన్నీ సరిచేసుకున్నా, పంది నిలబడి ఉండదు కదా. గంటకు 5 కిలోమీటర్ల చొప్పున మామూలుగా నడుస్తున్న పంది ఆ అర సెకనులో 70 సెంటీమీటర్లు ముందుకు జరుగుతుంది. గుండెకు పెట్టిన గురి పొట్టలో దిగుతుంది. వీడియోల్లో ఇది చూపించరు. గురి తప్పిన పది తూటాలు కత్తిరించి, తగిలిన ఒక్కటి మనకు చూపిస్తారు.

తగిలాక ఏం జరుగుతుందన్నది ఇంకో సంగతి. మనవాళ్ళలో చాలామందికి తెలియనిది ఇదే. తూటా తగిలితే చాలు, చచ్చిపోతుందనుకుంటారు. కాదు. మొత్తం గట్టి లోహపు తొడుగు ఉన్న తూటా ఇటు నుంచి అటు సన్నటి రంధ్రం చేసుకుని పోతుంది. జంతువు పరుగెత్తి ఎక్కడో పొదలో గంటల తరబడి చస్తుంది. ముక్కు దగ్గర మెత్తటి సీసం బయటికి వదిలిన తూటా లోపలికి దిగగానే పుట్టగొడుగులా విచ్చుకుంటుంది, పెద్ద గాయం చేస్తుంది, జంతువు త్వరగా పడిపోతుంది. వేటకు వాడేది ఈ రెండో రకమే. ఇలాంటి తూటాలకు ప్రపంచమంతా పేరు తెచ్చింది మన దేశంలోని ఊరే. కలకత్తా దగ్గరి డమ్‌డమ్ ఆయుధ కర్మాగారంలో 1890ల చివర్లో బ్రిటిష్ వాళ్ళు వీటిని తయారుచేశారు, మనుషుల మీద వాడడానికి. అది మరీ క్రూరమని 1899లో హేగ్ సమావేశం యుద్ధంలో నిషేధించింది. యుద్ధంలో క్రూరమన్నదే వేటలో దయ అవుతుందన్నది విచిత్రంగా ఉంటుంది కానీ, నిజం. జంతువు బాధ ఎంత తొందరగా ముగిస్తే అంత మంచిది.

అయితే ఆ విచ్చుకోవడానికి వేగం ఉండాలి. దూరం వెళ్ళేకొద్దీ తూటా వేగం పోతుంది. ఒక హద్దు దాటాక మెత్తటి ముక్కు తూటా కూడా విచ్చుకోదు, గట్టి తూటాలాగే దూసుకుపోతుంది. అంటే దూరం నుంచి కాల్చినవాడికి రెండు నష్టాలు. తగిలే అవకాశం తక్కువ, తగిలినా చంపే అవకాశం తక్కువ. అందులోనూ ముదిరిన మగపందికి భుజాల మీద మందంగా, గట్టిగా ఒక డాలులాంటి చర్మం ఉంటుంది. దాన్ని కోసినవాళ్ళకు తెలుసు, కత్తి కూడా జారుతుంది.

ఇప్పుడు మన చేతుల్లో ఉన్నదాని మాట చూద్దాం. మన ఊళ్ళలో తుపాకి అంటే మూతి లోంచి మందు కూరి, గుడ్డ పేలిక దట్టించి, సీసపు గుండో ఇనప ముక్కలో వేసే నాటు తుపాకి. దాని గొట్టం లోపల నున్నగా ఉంటుంది. రైఫిల్ గొట్టంలో మెలితిరిగిన గాడులు ఉంటాయి. అవి తూటాను బొంగరంలా తిప్పి నిటారుగా పంపుతాయి. నాటు తుపాకిలో ఆ తిప్పుడు లేదు. గుండ్రటి సీసపు గుండుకు గాలిని చీల్చే ఆకారం లేదు, వేగం తొందరగా చచ్చిపోతుంది. కూరిన మందు ఈ రోజు ఒకలా, రేపు ఒకలా. మన మంచుకు, తేమకు అది పేలుతుందో లేదో కూడా చెప్పలేం. పదిహేను, ఇరవై గజాల్లో తగిలితే తగిలినట్టు. అంతకు మించితే అది పందిని చంపే ఆయుధం కాదు, గాయపరిచే ఆయుధం.

గాయపడిన పంది ఎక్కడికి పోతుంది? చీకటిగా, తడిగా ఉన్న చోటికి. మన మన్యంలో అలాంటి చోట్లు కాఫీ తోటలే. సిల్వర్ ఓక్ నీడలో, మిరియపు తీగల కింద, రక్తం కారుతూ పడి ఉంటుంది. నవంబరు, డిసెంబరు నెలల్లో తెల్లారేసరికి మన ఆడవాళ్ళు బుట్టలు పట్టుకుని పళ్ళు కోయడానికి అక్కడికే వెళతారు. కాల్చింది ఒకరు, కోరకు ఎదురు నిలిచేది ఇంకొకరు. మంచె మీద కాల్చినవాడు ఆ సంగతి ఎవరికీ చెప్పడు కూడా, కేసు అవుతుందని భయం. తెలిసుంటే ఆ తోటకు ఆ రోజు ఎవరూ వెళ్ళరు కదా. ఇక చీకట్లో పొద కదిలితే పందేననుకుని కాల్చి, తోటి వేటగాణ్ణే చంపుకున్న వార్తలు ఏజెన్సీ పేజీల్లో మనం చదవనివి కావు.

మన పాత వేట దూరపు వేట కాదు. చైత్రంలో ఇటుకల పండుగకు మగవాళ్ళు అడవికి పోవడం, ఆడవాళ్ళు దారికడ్డంగా దుంగ వేసి వచ్చేపోయేవాళ్ళను డబ్బులడగడం మనందరం చూస్తూ పెరిగిందే. ఆ వేటలో విల్లు, బల్లెం, కుక్కలు, పదిమంది కేకలు. జంతువు ఏదో కళ్ళారా కనిపించాకే దెబ్బ. 1922 సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో అల్లూరి సీతారామరాజు దళం కాపు వేసినప్పుడు కూడా, ముందు నడిచిన మన దేశపు పోలీసులను పోనిచ్చి వెనక వచ్చిన దొరలనే కొట్టారని చెబుతారు. ఎదుటివాడు ఎవరో పోల్చుకోగలిగినంత దగ్గర నుంచి అన్నమాట. ఈ కొండల్లో తుపాకి పట్టడం తెలిసినవాళ్ళు చూపించిన నిదానం అది. ఇప్పుడు రాత్రిపూట సెల్‌ఫోన్ లైటులో మెరిసిన కళ్ళ మీదకు కాల్చడంలో ఆ నిదానం లేదు.

చట్టం సంగతికొస్తే, చాలామంది సభ్యులకు ఆశ్చర్యం కలిగించే విషయం ఒకటుంది. 1959 ఆయుధాల చట్టంలో 13వ సెక్షన్ రైతును మరిచిపోలేదు. నిజంగా పంట కాపాడుకోవడానికే అయితే మూతి నుంచి మందు కూరే తుపాకికి లైసెన్సు ఇవ్వాలని అందులో ఉంది. అది చాలదని అధికారికి నమ్మకం కలిగితే 20 అంగుళాలకు తగ్గని నున్నటి గొట్టం తుపాకికి ఇవ్వవచ్చు. చదవగానే మంచి చట్టమే అనిపిస్తుంది. కానీ పైన చెప్పుకున్నది గుర్తు పెట్టుకుని మళ్ళీ చదవండి. పందిని గాయపరచి వదిలే ఆయుధాన్నే రైతు ఆయుధమని చట్టం రాసిపెట్టింది. గాడులున్న రైఫిల్ ఆ వాక్యంలో లేదు.

పైగా తుపాకికి లైసెన్సు వచ్చినంత మాత్రాన పందిని కాల్చే హక్కు వచ్చినట్టు కాదు. అది వేరే చట్టం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం అడవిపంది రెండో షెడ్యూలులో ఉంది. 11వ సెక్షన్ కింద, మనుషుల ప్రాణానికో, నిలిచి ఉన్న పంటతో సహా ఆస్తికో ప్రమాదంగా మారిన జంతువును వేటాడడానికి చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ, ఆయన అధికారమిచ్చిన అధికారి గానీ రాతపూర్వకంగా అనుమతించవచ్చు. ఆ కాగితం లేకుండా చంపినా, ఉచ్చు పెట్టినా, గాయపరిచినా, చివరికి ప్రయత్నించినా చట్టం దృష్టిలో వేటే. ప్రాణరక్షణ కోసం చంపితే నేరం కాదని అదే సెక్షన్ చెబుతుంది. కానీ ఆ సమయానికి నువ్వు చట్టం ఉల్లంఘిస్తూ ఉంటే ఆ రక్షణ వర్తించదు. నాటు తుపాకితో వేటకెళ్ళినవాడి మీదకు పంది వస్తే, "నన్ను చంపబోయింది బాబూ" అన్న మాట కోర్టులో నిలబడకపోవచ్చని దీని అర్థం. ఇక లైసెన్సు లేని తుపాకి ఇంట్లో ఉంటేనే, 2019 సవరణ తర్వాత, కనీసం రెండేళ్ళు, గరిష్ఠంగా ఐదేళ్ళు జైలు.

2006 అటవీ హక్కుల చట్టం భూమి మీద, అడవి ఫలసాయం మీద మన హక్కును గుర్తించింది. దానికోసం ఎన్ని ధర్నాలు చేశామో మనకే తెలుసు. అదే చట్టం వేట హక్కును మాత్రం పేరు పెట్టి మినహాయించింది. అటు కర్ణాటకలో కొడగు కొడవలకు ఆయుధ లైసెన్సు నుంచే మినహాయింపు ఉంది, బ్రిటిష్ కాలం నుంచి కొనసాగుతోంది. "వాళ్ళకు ఉంటే మనకెందుకు ఉండదు?" అని ఒక సభ్యుడు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. అయినా ఆ మినహాయింపు అడగమని మేము చెప్పం. ఊరికి వంద తుపాకులు వస్తే పందుల కంటే ముందు మనకు మనమే ప్రమాదం. తాగిన రాత్రి, భూమి తగాదా ఉన్న రాత్రి ఆ తుపాకి గోడకు వేలాడుతూనే ఉంటుంది. అడవిలో బలగాలు తిరిగే ప్రాంతంలో భుజాన తుపాకి ఉన్న గిరిజనుడు దూరానికి రైతులా కనిపించడు, ఈ మాట మనలో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు.

అలాగని కాల్చడమే వద్దని కూడా మేము అనడం లేదు. పట్టణంలో కూర్చుని మమ్మల్ని ఓపిక పట్టమనే పెద్దమనుషులతో మాకు ఏకీభావం లేదు. గుంపు మరిగిన చోట, పంట మీదికి పదేపదే దిగుతున్న చోట, అనుమతితో కాల్చవలసిందే. కాల్చేది మాత్రం ప్రభుత్వం బాధ్యతగా, తెలిసినవాడి చేత కాల్పించాలి. కేరళ 2022లో స్థానిక సంస్థల అధ్యక్షులకే ఈ అనుమతి ఇచ్చే అధికారం అప్పగించింది. తెలంగాణలోనూ పంచాయతీ కోరితే గుర్తింపు పొందిన షూటర్లను రప్పించే పద్ధతి పెట్టారు. మన జిల్లాలో దరఖాస్తు పెట్టుకున్న రైతు మాత్రం ఆఫీసుల చుట్టూ తిరుగుతాడు. మన సభ్యులొకరు కిందటేడు నాలుగుసార్లు వెళ్ళారు. ఒక చోట ఇది పోలీసు పనన్నారు, ఇంకో చోట అటవీ పనన్నారు. ఐదోసారి వెళ్ళడానికి కోయడానికి పంట మిగల్లేదు, బస్సు ఛార్జీలు దండగని మానుకున్నారు.

ఆ షూటర్ ఎలా కాల్చాలన్నది కూడా మనం పట్టించుకోవాలి. ఎదురు కొండ మీద నుంచి విన్యాసాలు వద్దు. మంచె మీద నుంచి, కిందకు, 50 మీటర్ల లోపు. తప్పిన తూటా మట్టిలో దిగేలా వెనక గట్టు ఉండాలి. రైఫిల్ తూటా తప్పితే రెండు మూడు కిలోమీటర్లు పోతుంది. మన ఊళ్ళు వాలు వెంట చెదిరి ఉంటాయి, పొగమంచులో కింద ఊరుందో లేదో కనబడదు. సరైన బోరు రైఫిల్, విచ్చుకునే తూటా, గాయపడితే వెంబడించి ముగించే బాధ్యత, ఆ రోజు ఏ తోటలోకి ఎవరూ పోకూడదో ముందుగా దండోరా. ఈ షరతులు అనుమతి కాగితం మీదే రాసి ఉండాలి. సైగ చేసి "మీరే చూసుకోండి" అనే అధికారిని మనం ఒప్పుకోకూడదు. రేపు ఏదైనా జరిగితే ఆ సైగకు సాక్ష్యం ఉండదు.

కరెంటు తీగలు పెట్టేవాళ్ళకు, పిండిలో నాటు బాంబులు చుట్టి పెట్టేవాళ్ళకు ఒక్క మాటే. అవి పందిని, పశువును, పొద్దున్నే బయటికెళ్ళిన పిల్లాణ్ణి వేరుచేసి చూడవు. సంఘం సభ్యులెవరైనా అలాంటివి పెడితే సంఘం వెనకేసుకు రాదు.

డబ్బు సంగతి చివరికి వచ్చింది కానీ అసలైనది అదే. ఎంత గురి గల తూటా అయినా పోయిన పంటను తిరిగి తీసుకురాదు. ఫసల్ బీమాలో అడవి జంతువుల నష్టాన్ని 2026 ఖరీఫ్ నుంచి అదనపు రక్షణగా చేరుస్తామని 2025 నవంబరులో కేంద్ర వ్యవసాయ శాఖ ప్రకటించింది. ఏ జంతువులు, ఏ జిల్లాలు అన్నది రాష్ట్రం నోటిఫై చేయాలి. నష్టం జరిగిన 72 గంటల్లో యాప్‌లో, స్థలం గుర్తుతో ఫోటోలు పెట్టి తెలపాలి. 72 గంటలు! మన కొండ మీది ఊళ్ళలో సిగ్నల్ కోసం గుట్టెక్కాలి, ఎక్కినా ఫోటో పోదు. నోటిఫై చేసిన పంటలకే బీమా. చోళ్లు, సామలు, దుంపలు వేసే రైతు ఆ జాబితాలో ఎక్కడున్నాడు? కాబట్టి సంఘం అడిగేది ఇది: అల్లూరి సీతారామరాజు జిల్లాను, అడవిపందిని ఆ నోటిఫికేషన్‌లో చేర్చాలి. మన చిరుధాన్యాలను, దుంపలను చేర్చాలి. సిగ్నల్ లేని ఊళ్ళలో గ్రామ సచివాలయంలో ఇచ్చిన కాగితపు ఫిర్యాదునే లెక్కలోకి తీసుకోవాలి. అటవీ హక్కు పట్టా భూమికి కూడా ఇదే వర్తించాలి.

ఈ నెల గ్రామసభల్లో పెట్టవలసిన తీర్మానం నమూనా మండల కమిటీల దగ్గర ఉంది. దానితోపాటు పంది దిగిన తేదీ, మడి పేరు, పంట, సుమారు విస్తీర్ణం ఒక నోటుబుక్కులో రాయండి. చదువుకున్న పిల్లల చేత రాయించినా సరే. 11వ సెక్షన్ అనుమతి కోసం పెట్టే దరఖాస్తును రెండు ప్రతులు చేసి, ఒకదాని మీద అందినట్టు ముద్ర వేయించుకోండి. ముద్ర వేయమంటే, ఆ రోజు తేదీ, ఆ కుర్చీలో ఉన్నవారి హోదా రాసుకుని మండల కమిటీకి చెప్పండి. మిగతాది కమిటీ చూసుకుంటుంది.